నిజాయతీ గోడ మీద, కొటేషన్లు జేబులో

కంపెనీలో కొనుగోళ్లు చూసే మేనేజర్లకూ, వాళ్లు పెట్టిన కాగితాల మీద చదవకుండా సంతకం చేసే డైరెక్టర్లకూ కొన్ని చిట్కాలు

కంప్లయన్స్ శాఖ అంటే జరుగుతున్న పనిని ఆపడానికి జీతాలిచ్చి మరీ పెట్టుకున్న శాఖ అని మన వ్యాపార వర్గాల్లో గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని మేం మనసారా గౌరవిస్తాం. పది బస్తాల సిమెంటు కొనాలంటే ముందు ఇండెంటు, దానికి ఆమోదం, తర్వాత కొటేషన్లు, ధరలు పక్కపక్కన పెట్టి చూపే పట్టిక, పర్చేజ్ ఆర్డరు, సరుకు దిగినట్టు స్టోర్సు వాళ్ల రసీదు, ఆఖర్న బిల్లు. ఇన్నీ అయ్యాక ఆర్డరు, రసీదు, బిల్లు మూడూ ఒకదానితో ఒకటి కలవాలట! అడిగేవాడు వేరు, కొనేవాడు వేరు, సరుకు దించుకునేవాడు వేరు, డబ్బు కట్టేవాడు వేరుగా ఉండాలట! ఈ నాలుగు పనులూ ఒకే మనిషికి అప్పగిస్తే మూడు జీతాలు మిగులుతాయన్న చిన్న లెక్క కూడా వీళ్లకు తట్టదు.

అలాగని కంప్లయన్సే వద్దనేంత అమాయకులం కాము. చట్టం అడుగుతోంది కాబట్టి అది ఉండాల్సిందే. ఉన్నట్టు కనపడాలి, పని మాత్రం చేయకూడదు. ఆ విద్యే ఇక్కడ నేర్పుతున్నాం.

1. మాన్యువల్‌ను తూకానికి కొనండి

ముందుగా అవినీతి నిరోధక విధానం అని ఒక పుస్తకం రాయించండి. అట్ట గట్టిగా ఉండాలి, పేజీలు ఎక్కువుండాలి, భాష ఎవరికీ అర్థం కాకూడదు. పక్క కంపెనీ వాళ్ల మాన్యువల్ తెచ్చి పేరు మార్చుకుంటే ఖర్చు కలిసొస్తుంది. మధ్యలో ఎక్కడో పాత కంపెనీ పేరు మిగిలిపోయినా భయం లేదు. అంత దూరం చదివేవాళ్లెవరూ ఉండరు.

ఇంత శ్రమ ఎందుకంటే, 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించి అందులో కంపెనీలను కూడా ఇరికించారు. 9వ సెక్షను ప్రకారం, కంపెనీకి వ్యాపారం తేవడానికో, ఉన్నది నిలబెట్టడానికో కంపెనీ తరఫు మనిషి ఎవరైనా ప్రభుత్వోద్యోగికి లంచమిస్తే కంపెనీకీ జరిమానా పడుతుంది. ఆ జరిమానా ఇంతకు మించకూడదని చట్టంలో ఎక్కడా గీత గీయలేదు. బయటపడే తలుపు మాత్రం ఒకటుంచారు. మా మనుషులు ఇలాంటి పని చేయకుండా ముందే తగిన ఏర్పాట్లు చేసుకున్నాం అని కంపెనీ రుజువు చేసుకోవాలి. బ్రిటన్ 2010లో తెచ్చిన లంచాల చట్టంలోనూ ఇదే తలుపు ఉంది. అమెరికాలోనైతే 1991 నుంచీ, నిజంగా పనిచేసే కంప్లయన్స్ ఏర్పాటున్న కంపెనీకి శిక్ష తగ్గించే లెక్క ఉంది.

'తగిన ఏర్పాట్లు' అంటే మా భాష్యంలో బరువైన పుస్తకం. జడ్జిగారు దాన్ని చేత్తో ఎత్తి చూసి, బరువుకు మెచ్చి వదిలేస్తారు. ఈ పుస్తకం వల్ల ఇప్పటి దాకా ఒక్క బిల్లయినా ఆగిందా, ఒక్క వెండరునైనా వద్దన్నారా అని ఎదుటి లాయరు అడిగితే మాత్రం ఆ బరువంతా మీ తరఫు లాయరు నెత్తిన పడుతుంది.

దాంతో పాటు సుపరిపాలనకు వచ్చిన అవార్డు ఒకటి రిసెప్షన్‌లో వేలాడాలి. దీనికి మన హైదరాబాద్‌లోనే ఆదర్శం ఉంది. 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అంతర్జాతీయ అవార్డు వచ్చింది. బ్యాంకు సిబ్బందికి అనుచిత ప్రయోజనాలు కల్పించిందనీ, సబ్‌కాంట్రాక్టర్ల పేరిట వసూలు చేసిన ఫీజులకు ఆధారాలు చూపలేదనీ ప్రపంచ బ్యాంకు అదే ఏడాది ఆ కంపెనీని తన కాంట్రాక్టుల నుంచి 8 ఏళ్ల పాటు వెలేసింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో లేని డబ్బును ఉన్నట్టు చూపించామని లేఖ రాశారు. అవార్డును వెనక్కి తీసుకున్నారు. అయితేనేం, నాలుగు నెలలైనా గోడ మీద మెరిసింది కదా!

2. మూడు కొటేషన్లూ ఒకే చోట చేయించండి

మూడు కొటేషన్లు తెమ్మంటారు. మూడు దుకాణాలు తిరగమని ఎవరూ అనలేదు కదా. మనకు నచ్చిన వెండరుకు ఫోన్ చేసి, "నీదొకటి, పైన ఇంకో రెండు తీసుకురా" అంటే చాలు. ఆయన "అలాగే సార్, సాయంత్రానికి పంపిస్తా" అంటాడు. మధ్యాహ్నానికే పంపిస్తాడు. ముగ్గురి లెటర్‌హెడ్లూ ఆయన కంప్యూటర్లోనే ఉంటాయి.

కళాత్మకంగా కనిపించాలంటే కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. మూడింట్లోనూ అక్షర దోషాలు ఒకే చోట ఉండనివ్వండి, ఏకాభిప్రాయం కనిపిస్తుంది. ఓడిపోయే రెండు కొటేషన్లలో ప్రతి వస్తువు ధరా గెలిచేదాని కంటే సరిగ్గా 5 శాతం, 8 శాతం ఎక్కువుండాలి. పైపుకైనా, బోల్టుకైనా, రవాణాకైనా అదే శాతం. మార్కెట్లో అంత క్రమశిక్షణ గల ధరలు చూసి ఆడిటరు ముచ్చటపడి మరో రెండుసార్లు చూస్తాడు. ఓడిపోయిన కంపెనీ చిరునామాకు వెళ్తే అక్కడ టీ కొట్టుండటం కూడా శుభసూచకమే, వచ్చిన ఆడిటరుకు టీ అయినా దొరుకుతుంది.

ధైర్యం గలవాళ్లు మరో మెట్టెక్కి, లేని వెండరునే సృష్టించి బిల్లులు తమ ఖాతాలోకే మళ్లించుకుంటారు. కష్టపడ్డ సొమ్ము బయటివాళ్లకెందుకు? వెండర్ల బ్యాంకు ఖాతా నంబర్లనూ, ఉద్యోగుల జీతాల ఖాతా నంబర్లనూ పక్కపక్కన పెట్టి చూడటం ఆడిటర్లు మొదటి రోజే చేసే పని. అందుకే భార్య ఖాతా వాడమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. హెచ్‌ఆర్ ఫైల్లో నామినీ పేరు, ఖాతా వివరాలు ఉంటాయని వాళ్లకు గుర్తుండదు.

ఇక చట్టం మాట. ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో, మోసం కోసం దొంగ పత్రం సృష్టించడానికి 7 ఏళ్ల దాకా జైలు ఉంది. ఒక్క సంతకం కోసం ఇంత పెద్ద అంకె రాసినవాళ్లకు కళాభిమానం లేదని మా అభిప్రాయం.

3. ఆర్డరును ముక్కలు చేయండి, స్పెసిఫికేషన్‌ను కొలతలకు కుట్టించండి

మీ స్థాయిలో 5 లక్షల వరకే ఆమోదించే అధికారం ఉందనుకోండి. కావలసింది దాదాపు 25 లక్షల సరుకు. పై అధికారిని విసిగించడమెందుకు? 4,95,000కు ఒకటి, 4,98,000కు ఒకటి, 4,99,000కు ఇంకోటి, ఇలా అయిదు ఆర్డర్లు వారంలో కొట్టేయండి. వెండరు ఒకడే, వస్తువు ఒకటే. అన్ని అంకెలూ గీతకు కాస్త కిందే ఆగిపోవడం యాదృచ్ఛికం అనిపించాలి. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు వర్తించే 2017 సాధారణ ఆర్థిక నియమాల్లో 157వ నియమం, పై అధికారి మంజూరు తప్పించుకోవడానికి అవసరాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోయవద్దని చెబుతోంది. అది ప్రభుత్వానికి కదా, మాది ప్రైవేటు అంటారేమో, మీ కంపెనీ అధికారాల పట్టికలోనూ అదే మాట ఉంటుంది. చదవకపోవడమే దానికి మందు.

ముక్కలు చేయడం కుదరని పెద్ద టెండరైతే స్పెసిఫికేషన్ మీద పడండి. "కంప్యూటరు కావాలి" అని రాస్తే పదిమంది వస్తారు. మనకు కావలసిన కంపెనీ కేటలాగు తెరిచి, బరువు ఇన్ని గ్రాములు, మూత రంగు ఇది, స్విచ్చి ఎడమవైపు అని దించేయండి. అర్హత నిబంధనల్లో, గత మూడేళ్లలో ఇదే జిల్లాలో ఇలాంటి పని చేసుండాలి అని చేర్చండి. అవసరం లేని హంగులు స్పెసిఫికేషన్‌లో పెట్టవద్దని పైన చెప్పిన నియమావళిలోనే 144వ నియమం అంటుంది. స్విచ్చి ఎడమవైపు ఉండటం అవసరం కాదని ఎవరు చెప్పగలరు? అన్నీ కుదిరాక వచ్చే టెండరు ఒక్కటే, అదీ అంచనాకు కాస్త పైన. పోటీ లేదని బాధపడకండి, గొడవ కూడా లేదు.

4. పోటీదారులతో ప్రేమగా ఉండండి

ఇప్పటి దాకా చెప్పింది కొనేవాళ్లకు, ఇది అమ్మేవాళ్లకు. మన కాంట్రాక్టర్లు దీన్ని ముద్దుగా రింగ్ అంటారు. ఒకళ్లమీద ఒకళ్లు ధర తగ్గించుకుని అందరూ నష్టపోవడం కంటే, హోటల్లో కూర్చుని ఈ టెండరు నీది, వచ్చేది నాది, అప్పటిదాకా పక్కకు తప్పుకున్నందుకు ఇతనికింత గుడ్‌విల్ అని పంచుకోవడంలో ఎంత సౌభ్రాతృత్వముంది!

మీటింగుకు పోలేకపోతే ఈ-మెయిల్ చేయండి. ఫోనులో చెప్పింది గాల్లో కలిసిపోతుంది, మెయిల్ అయితే ఏళ్ల తర్వాత కూడా తెరిచి చదువుకోవచ్చు, మీరే కాదు, సీబీఐ కూడా. రైల్వేలకు బ్రష్‌లెస్ డీసీ ఫ్యాన్లు సరఫరా చేసే కంపెనీలు రేట్లు ముందే పంచుకున్న కేసులో ఇలాంటి మెయిళ్లే సాక్ష్యాలయ్యాయి.

ధర ఒకటే వేయాలనుకున్నప్పుడు పైసా కూడా తేడా రాకుండా చూసుకోండి, ఐక్యత కనపడాలి. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల కోసం భారత ఆహార సంస్థ 2009లో టెండరు పిలిస్తే, మూడు కంపెనీలు వేర్వేరు సీల్డు కవర్లలో వేసిన ధర కిలోకు 388 రూపాయలు. ముగ్గురిదీ అదే అంకె. వేర్వేరు చోట్ల ఫ్యాక్టరీలు, వేర్వేరు ఖర్చులున్న ముగ్గురికి ఒకే అంకె ఎలా తట్టిందని కాంపిటీషన్ కమిషన్ అడిగింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017లో కోర్టు, ఆ వస్తువు అమ్మకాల టర్నోవరు మీదే జరిమానా లెక్కగట్టాలని కొంత ఊరటనిచ్చింది కానీ, కుమ్మక్కైన మాట మాత్రం నిజమేనంది.

ఆన్‌లైన్ టెండర్లొచ్చాక సౌకర్యం ఇంకా పెరిగింది. ముగ్గురి బిడ్లూ ఒకే ఆఫీసులో, ఒకే కుర్రాడు, ఒకే కంప్యూటరు నుంచి ఎక్కించవచ్చు. ఏ బిడ్డు ఏ ఐపీ అడ్రసు నుంచి వచ్చిందో పోర్టల్ రాసి పెట్టుకుంటుందన్న సంగతి మాత్రం ఆ కుర్రాడికి చెప్పకండి, చేతులు వణికితే అంకెలు తప్పు పడతాయి.

పట్టుబడితే ఎంత పోతుందంటే, 2002 కాంపిటీషన్ చట్టం ప్రకారం కుమ్మక్కు నడిచిన ప్రతి ఏడాదికీ, ఆ ఏడాది లాభానికి మూడింతల దాకా గానీ టర్నోవరులో 10 శాతం దాకా గానీ, ఏది ఎక్కువైతే అది. అయితే రింగ్‌లోని మిత్రులు మిమ్మల్ని ఎన్నడూ బయటపెట్టరని మీకు తెలుసు. అదే చట్టం 46వ సెక్షనులో ఒక చిన్న ఆశ చూపించింది. ముందుగా వచ్చి అంతా చెప్పేసినవాళ్లకు జరిమానా 100 శాతం దాకా మాఫీ. రెండోవాళ్లకు 50 శాతం దాకా, మూడోవాళ్లకు 30 శాతం దాకా. ఫ్యాన్ల కేసులో 2017లో ఒక కంపెనీ ఇలాగే 75 శాతం తగ్గింపు పొందింది. దేశంలో అదే మొదటిసారి. కాబట్టి మీ మిత్రుల మీద నమ్మకముంచండి. మీరు ఈ పేరా చదువుతున్న వేళకే వాళ్లలో ఒకరు ఢిల్లీ బయల్దేరి ఉండవచ్చు.

5. లంచం మీరివ్వకండి, ఏజెంటు చేత ఇప్పించండి

ఇదొక పాత నమ్మకం, పాతవన్నీ మంచివే. మన చేతికి మరక అంటకూడదంటే మధ్యలో ఒక లయజన్ కన్సల్టెంటు ఉండాలి. ఆయన బిల్లులో సలహా సేవలు అనే ఒక్క వాక్యం, దాని పక్కన గుండ్రని అంకె. ఏ సలహా, ఎవరికి, ఎప్పుడు అని రాయించకండి. ఆయన కమీషను మార్కెట్ రేటుకు మూడింతలుంటే అనుభవానికి కట్టిన విలువ అనుకోండి. ఆయన ఖాతా వేరే దేశంలో ఉంటే ఇంకా గౌరవం.

అవినీతి నిరోధక చట్టం 9వ సెక్షను ఈ ముచ్చట తీరనివ్వలేదు. కంపెనీ తరఫున పనిచేసేవాళ్లెవరైనా సంబంధిత వ్యక్తే. ఏజెంటైనా, అనుబంధ కంపెనీ అయినా, ఉద్యోగైనా తేడా లేదు. ఉద్యోగైతే కంపెనీ తరఫు మనిషేనని చట్టం ముందే అనుకుంటుంది. ఇచ్చేదాకా కూడా ఆగదు, ఇస్తానన్న మాట చాలు. టెండరు దక్కకపోయినా నేరం నేరమే.

చెన్నైలో క్యాంపసు కట్టుకునే సమయంలో ప్లానింగు అనుమతికి సంబంధించి కాగ్నిజెంట్ ఈ దారినే నడిచింది. ఒక ప్రభుత్వాధికారికి సుమారు 20 లక్షల డాలర్లు నిర్మాణ కాంట్రాక్టరు ద్వారా ఇప్పించి, ఆ డబ్బును అదనపు పనుల పేరుతో తిరిగి ఆయనకు చెల్లించే ఏర్పాటు జరిగిందని అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఆరోపించింది. 2019 ఫిబ్రవరిలో ఆరోపణల్ని ఒప్పుకోకుండా, కాదనకుండా కంపెనీ 2.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. అమెరికా న్యాయశాఖ మాత్రం కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టకుండా వదిలేసింది. విషయం బోర్డుకు తెలిసిన రెండు వారాల్లోపే కంపెనీ తనంత తానుగా వెళ్లి చెప్పడం అందుకో ముఖ్య కారణమని న్యాయశాఖే రాసింది. ఇలా పిరికిగా వెళ్లి చెప్పేసే బోర్డులు మన పద్ధతికి పనికిరావు.

6. బావమరిదిని దూరం పెట్టకండి

కంపెనీల చట్టంలో బంధువుల జాబితా ఉంది. భార్య లేదా భర్త, తండ్రి, తల్లి, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, హిందూ ఉమ్మడి కుటుంబ సభ్యులు. ఎన్నిసార్లు చదివినా అందులో బావమరిది లేడు! తెలుగు వ్యాపారానికి ఇంతకంటే పెద్ద వరం పార్లమెంటు ఇవ్వగలదా? ఆయన పేరిట ఒక ట్రేడింగ్ కంపెనీ పెట్టించి, సరుకంతా ఆయన ద్వారా తెప్పించండి. ఫ్యాక్టరీ గేటు నుంచి మీ గేటు దాకా వచ్చేసరికి ధర 20 శాతం పెరిగితే అది ఆయన పడ్డ శ్రమ.

ఈ ఆనందాన్ని పాడుచేసేది 447వ సెక్షను. సత్యం కుంభకోణం తర్వాత 2013లో వచ్చిన కొత్త కంపెనీల చట్టంలో మోసానికిచ్చిన నిర్వచనం చూడండి: మోసగించాలనో, అనుచితంగా లాభపడాలనో, కంపెనీకీ వాటాదారులకూ అప్పులిచ్చినవాళ్లకూ హాని చేయాలనో ఉద్దేశంతో ఏం చేసినా, చేయకుండా వదిలేసినా, దాచిపెట్టినా, పదవిని దుర్వినియోగం చేసినా మోసమే. దాని వల్ల ఎవరికైనా లాభమో నష్టమో జరిగిందా అన్నది కూడా అనవసరమట. మోసం విలువ 10 లక్షల రూపాయలు గానీ టర్నోవరులో ఒక శాతం గానీ, ఏది తక్కువైతే కనీసం అంత ఉంటే, 6 నెలల నుంచి 10 ఏళ్ల దాకా జైలు, మోసం చేసిన మొత్తం నుంచి దానికి మూడింతల దాకా జరిమానా. ప్రజాప్రయోజనం ముడిపడి ఉంటే కనీస శిక్షే 3 ఏళ్లు. బంధువుల జాబితాలో లేని బావమరిది ఈ సెక్షనులోకి దర్జాగా నడుచుకుంటూ వస్తాడు.

సొంతవాళ్ల నుంచి కొనడంలో సాహసం కావాలంటే మళ్లీ సత్యాన్నే చూడాలి. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ బోర్డు, ప్రమోటర్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. మదుపరులు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. ఆ కొనుగోలు జరిగుంటే ఖాతాల్లోని కల్పిత ఆస్తుల స్థానంలో నిజమైనవి వచ్చేవని తర్వాత ఛైర్మనే లేఖలో రాశారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఆయనకు 7 ఏళ్ల జైలు విధించింది. ఆయన అప్పీలుకు వెళ్లారు. వాటాదారులకు మాత్రం అప్పీలు చేసుకోవడానికి ఎవరూ దొరకలేదు.

7. సంతకాన్ని ఊడొచ్చే కాగితం మీద పెట్టండి

ఆమోదించక తప్పదు, ఆమోదించినట్టు తెలియకూడదు. ఈ చిక్కుకు జర్మన్లు పరిష్కారం కనిపెట్టారు. సీమెన్స్ కంపెనీలో లంచాల చెల్లింపులకు ఆమోద సంతకాలను అంటించి పీకేయగల చిన్న పసుపు చీటీల మీద పెట్టేవారు. అవసరం తీరాక చీటీ ఊడబీకితే ఫైలు పరిశుభ్రం. 2008 డిసెంబరులో ఆ కంపెనీ అమెరికా, జర్మనీ ప్రభుత్వాలకు కట్టింది మొత్తం సుమారు 160 కోట్ల డాలర్లు. చీటీల ఖర్చు అదనం.

మన దగ్గర చీటీలకు బదులు వెనకటి తేదీ వేయడం అలవాటు. ఆర్డరు ఇచ్చాక ఇండెంటు, బిల్లు చెల్లించాక పోటీ ధరల పట్టిక తయారుచేసి పాత తేదీ తగిలించేస్తాం. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు ఎప్పుడు జరిగిందో రాసుకునే ఎడిట్ లాగ్ ఉండాలనీ, దాన్ని ఆపేసే వీలే ఉండకూడదనీ నిబంధన వచ్చింది. కాబట్టి మార్చి 3 నాటి పర్చేజ్ ఆర్డరును మీరు జూన్ 19 రాత్రి 11 గంటలకు తయారుచేశారని ఆ యంత్రమే చెబుతుంది. అంత రాత్రి దాకా పనిచేసినందుకు ఓవర్‌టైము అడగండి.

8. ఫిర్యాదుల ఫోను మీ టేబుల్ మీదే పెట్టించుకోండి

లిస్టెడ్ కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవి, బ్యాంకుల నుంచి 50 కోట్లు దాటి అప్పు తెచ్చినవి ఉద్యోగుల ఫిర్యాదులు వినే ఏర్పాటు పెట్టాలని కంపెనీల చట్టం 177వ సెక్షను. చెప్పినవాళ్లను వేధించకుండా కాపాడాలట, అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌నే కలవనివ్వాలట. మా సలహా: ఫోను పర్చేజ్ మేనేజరు టేబుల్ మీద ఉండాలి. పర్చేజ్ మీద ఫిర్యాదు వస్తే పర్చేజ్ కంటే ఎవరు బాగా విచారిస్తారు? ఫిర్యాదు చేసిన మనిషికి అభినందనగా వెంటనే దూర ప్రాంతానికి బదిలీ ఇవ్వండి. మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది, నోరు మూసుకునే ధైర్యం.

అసోసియేషన్ ఆఫ్ సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్స్ 2024లో ఇచ్చిన అంతర్జాతీయ నివేదిక ప్రకారం, వాళ్లు పరిశీలించిన మోసాల్లో 43 శాతం బయటపడింది ఎవరో ఒకరు ఉప్పందించడం వల్లే. ఉప్పందించినవాళ్లలో సగానికి పైగా సొంత ఉద్యోగులు. ఆడిట్లు, కెమెరాలు, కంప్యూటర్లు దీని తర్వాతే. లోపల వినే చెవి లేకపోతే వాళ్లు ఊరుకుంటారని మనం అనుకుంటాం, వాళ్లు మాత్రం బయట వినే చెవులు వెతుక్కుంటారు. చట్టబద్ధ ఆడిటరుకు కోటి రూపాయలు, ఆ పైన మోసం కనపడితే కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయక తప్పదని అదే చట్టం 143వ సెక్షను కింద నిబంధన ఉంది. ఆ చెవి మీ టేబుల్ మీదికి రాదు.

9. శిక్షణ తరగతికి డ్రైవర్ను పంపండి

ఏడాదికోసారి కంప్లయన్స్ శిక్షణ పెడతారు. టెండర్లు తెరిచేవాళ్లు, బిల్లులు పాస్ చేసేవాళ్లు బిజీగా ఉంటారు గనక హాజరు పట్టీలో సంతకానికి ఎవరినైనా పంపండి. ఆన్‌లైన్ క్విజ్ అయితే జవాబుల కాగితం అందరికీ వాట్సాప్ చేయండి.

మోర్గన్ స్టాన్లీ ఈ చిట్కా తెలియక చాలా కష్టపడింది. చైనాలో లంచాల కేసులో 2012లో నేరం ఒప్పుకున్న తమ ఉద్యోగి ఒకరికి ఆ కంపెనీ 7 సార్లు అవినీతి నిరోధక శిక్షణ ఇచ్చింది, కనీసం 35 సార్లు గుర్తు చేసింది, అవన్నీ రాసి దాచుకుంది. అమెరికా న్యాయశాఖ ఆ మనిషిని పట్టుకుని, కంపెనీని వదిలేసింది. అన్నిసార్లు ఒకే మాట చెప్పిన విసుగంతా కోర్టులో ఏ లాయరూ సంపాదించలేని సాక్ష్యమైంది. అయినా 35 సార్లు ఒకే ఈ-మెయిల్ పంపాలంటే ఎవరికి ఓపిక!

10. దొరికాక గుమస్తా పేరు చెప్పండి

ఇన్ని చేశాక కూడా దొరికితే, ఫైలులో ఆఖరి సంతకం ఎవరిదో చూసి ఆ జూనియరును సస్పెండ్ చేయండి. పత్రికలకు "ఒక వ్యక్తి చేసిన తప్పు" అని ప్రకటన ఇవ్వండి. అవినీతి నిరోధక చట్టం 10వ సెక్షను మాత్రం గుమస్తాతో తృప్తి పడదు. డైరెక్టరు, మేనేజరు, సెక్రటరీ, ఇతర అధికారుల సమ్మతితోనో, చూసీ చూడనట్టు వదిలేయడం వల్లనో లంచం నడిచిందని రుజువైతే వాళ్లకు 3 ఏళ్లకు తగ్గకుండా, 7 ఏళ్ల దాకా జైలు, పైగా జరిమానా. చూసీ చూడనట్టు అన్న మాట దగ్గర చాలామంది డైరెక్టర్లకు గొంతు తడారుతుంది.

నిజంగానే ఎవరైనా అధికారి బలవంతం మీద ఇచ్చుంటే, 7 రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పినవాళ్లను అదే చట్టం 8వ సెక్షను వదిలిపెడుతుంది. మీరు 8వ రోజు వెళ్లండి. వారం తిరక్కుండా పరుగెత్తితే మర్యాదగా ఉండదు.

తరచూ వచ్చే సందేహాలు

మాది చిన్న పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. ఇవన్నీ పెద్ద కంపెనీలకు కదా?
అవినీతి నిరోధక చట్టం చెప్పే వాణిజ్య సంస్థల్లో పార్ట్‌నర్‌షిప్ ఫర్ములూ ఉన్నాయి. మిమ్మల్ని పెద్దవాళ్లతో సమానంగా చూసినందుకు గర్వపడండి.

ఇచ్చేదీ ప్రైవేటు, పుచ్చుకునేదీ ప్రైవేటు. మధ్యలో ప్రభుత్వోద్యోగి లేడు. ఇక భయమేమిటి?
అవినీతి నిరోధక చట్టం రాకపోవచ్చు. నమ్మకద్రోహం, మోసం అంటూ న్యాయ సంహిత వస్తుంది, 447వ సెక్షను వస్తుంది, ఆ తర్వాత మీ యజమాని వేసే సివిల్ దావా వస్తుంది. భయమేమీ లేదు, తోడుగా చాలామంది ఉంటారు.

దీపావళికి వెండరు వెండి పళ్లెం పంపాడు. తీసుకోవచ్చా?
కానుకల రిజిస్టరులో రాయాల్సి వస్తే అది మిఠాయి డబ్బా అని రాయండి. వెండరు తన లెక్కల్లో వెండి పళ్లెం అనే రాసుకుంటాడు. రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీదికి వచ్చిన రోజున చూసుకుందాం.

దొరికితే పోయేది జరిమానాయే కదా, ఖర్చులో కలుపుకుంటే పోలేదా?
అలా లెక్కలు వేసేవాళ్లు నల్లజాబితాను మరిచిపోతారు. అవినీతి నేరం రుజువైన బిడ్డరును కేంద్ర కొనుగోళ్ల నుంచి 3 ఏళ్ల దాకా దూరం పెట్టవచ్చు, వారసత్వంగా వచ్చిన కొత్త పేరు కంపెనీని కూడా. ప్రభుత్వ పనుల మీదే బతికే కాంట్రాక్టరుకు అది జరిమానా కంటే పెద్ద దెబ్బ. కాకపోతే ఆ మూడేళ్లూ టెండర్లు వేసే శ్రమ ఉండదు.

ఇవన్నీ పాటించలేని సోమరుల కోసం ఇంకో దారి ఉంది కానీ, మేం సిఫార్సు చేయం. కొనేవాణ్నీ, డబ్బు కట్టేవాణ్నీ వేరు చేయాలి. వెండరు చిరునామాకు ఒకసారి వెళ్లి చూడాలి. కన్సల్టెంటు ఏం చేశాడో రాయించుకుని డబ్బివ్వాలి. డైరెక్టరు తనకున్న సంబంధాలు బోర్డుకు ముందే చెప్పి, ఆ ఓటు నుంచి తప్పుకోవాలి. ఫిర్యాదు చేసినవాళ్లను పని చేసుకోనివ్వాలి. ఇవి చేసినట్టు రాసి పెట్టుకోవాలి. ఎంత అన్యాయమో చూడండి, మోసం దాచడానికి మనం పుట్టించే ప్రతి కాగితమూ మన మీదే సాక్ష్యం చెబుతుంది, వీళ్లు రోజూ పని చేసుకుంటూ రాసుకున్న మామూలు కాగితాలే వాళ్ల తరఫున సాక్ష్యం చెబుతాయి.

ఈ చిట్కాలు నచ్చినవాళ్లు మా పూర్తి స్థాయి సలహా సేవలకు సంప్రదించవచ్చు. ఫీజు ముందుగా, నగదుగా. మీ ఆఫీసు వాళ్లు మూడు కొటేషన్లు అడిగితే సంకోచించకండి, సాయంత్రానికి మూడూ మేమే పంపిస్తాం.